గుర్రానికి మన భయం తెలిసిపోతుందా? స్వారీలో బెరుకు ఎక్కడ పుడుతుంది, ధైర్యం ఎలా కూడుతుంది

స్వారీ నేర్చుకోడానికి వెళ్ళిన ఎవరికైనా మొదటి వారంలోనే వినపడే మాట ఒకటుంది, "భయపడకు, నువ్వు భయపడితే గుర్రానికి తెలిసిపోతుంది" అని. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్తారు, కానీ అప్పటిదాకా గుర్రం అంటే మాత్రమే భయపడుతున్న మనిషికి ఆ మాట విన్నాక తన భయం అంటే కూడా భయం పట్టుకుంటుంది, ఒక భయం కాస్తా రెండవుతుంది. దీనికి తోడు ఈమధ్య రీల్స్ లో ఒకరు "పడ్డ వెంటనే మళ్ళీ ఎక్కెయ్యాలి" అంటారు, ఇంకొకరు "మనసు పూర్తిగా కుదుటపడేదాకా ఎక్కనే కూడదు" అంటారు, మరొకరు "అంతా నీ ఆలోచనల్లోనే ఉంది, పాజిటివ్‌గా ఉండు చాలు" అంటారు, ఇవన్నీ విన్నవాళ్ళకి ఏది పట్టుకోవాలో తెలియక ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోతుంది.

నేను చాలాకాలం బెరుకుతోనే స్వారీ చేసిన మనిషిని, అందుకే దీని మీద దొరికినంతవరకు చదువుతూ వచ్చాను. ఇందులో ఏది పరిశోధనల్లో తేలిన సంగతి, ఏది నోటి మాటగా వస్తున్నది, ఏది సగం నిజం అనేది విడదీసి చూద్దాం.

భయం, ఆందోళన, ఫోబియా: ఒకే మాట కింద కలిసిపోయిన వేర్వేరు సంగతులు

"నాకు గుర్రం ఎక్కాలంటే భయం" అని ఇద్దరు చెప్పినా ఇద్దరూ చెప్పేది ఒకటే అయి ఉండదు.

గుర్రం ముందు కాళ్ళెత్తి నిలబడింది, ఆ క్షణంలో గుండె గొంతులోకొచ్చింది, అది భయం. ఎదురుగా ప్రమాదం ఉంది, శరీరం దానికి స్పందించింది, ప్రమాదం పోగానే కాసేపట్లో అదీ తగ్గిపోతుంది. ఆందోళన వేరు. రేపు పొద్దున లెసన్ ఉంది, ఈ రాత్రి నిద్ర పట్టట్లేదు, కడుపులో తిప్పుతోంది, గుర్రం కనుచూపు మేరలో లేదు, అయినా మనసులో అది అప్పుడే పరిగెత్తేస్తోంది, మనం కింద పడిపోయాం కూడా. తాడుని చూసి పామనుకోవడం అంటారే, దానికన్నా ఇది ఒక మెట్టు ముందుంటుంది, ఇక్కడ తాడు కూడా లేదు, రేపు తాడు కనపడుతుందేమో అన్న ఊహకే ఇవాళ చెమటలు పడుతున్నాయి.

ఇక పడిన తర్వాత మిగిలిపోయే భయం ఇంకో రకం. ఆ శబ్దం, ఆ మూల, ఆ గుర్రం రంగు, వీటిలో ఏ ఒక్కటి కనపడినా అప్పటి సంఘటన మొత్తం మళ్ళీ జరుగుతున్నట్టే ఉంటుంది. అది నెలల తరబడి తగ్గకుండా నిద్రలోకి, మామూలు పనుల్లోకి కూడా వస్తుంటే అది ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి దాటిన విషయం, సైకాలజిస్ట్ చూడాల్సిన విషయం. ఫోబియా అంటే గుర్రం ఫోటో చూసినా దగ్గరకి రాలేనంత స్థితి, ఈ వ్యాసంలో దాని జోలికి పోవట్లేదు.

కాన్ఫిడెన్స్ అనే మాటలో కూడా ఇలాంటి గందరగోళమే ఉంది. చాలామంది దాన్ని భయం లేకపోవడం అనుకుంటారు. సైకాలజీలో ఆ మాటకి దగ్గరగా వాడే భావం వేరు, ఫలానా పనిని ఫలానా పరిస్థితిలో నేను చెయ్యగలను అన్న నమ్మకం. అంటే అది పనికి పనికి మారుతుంది. ట్రాట్‌లో, అంటే గుర్రం నడకకన్నా కాస్త వేగంగా పరిగెత్తేటప్పుడు, హాయిగా పాటలు పాడుకునే మనిషే అంతకన్నా వేగమైన కాంటర్ అనే పరుగు అనేసరికి కొయ్యబారిపోవచ్చు, సొంత అరీనాలో, అంటే స్వారీకి కంచె వేసి కట్టిన మైదానంలో, రాజులా తిరిగే మనిషి గేటు దాటి బయటికి వెళ్ళాలంటే వణికిపోవచ్చు. కాబట్టి "నాకు కాన్ఫిడెన్స్ లేదు" అన్న వాక్యం పూర్తి కాలేదన్నమాట, దేనికి లేదు అన్నది చెప్తేనే దానితో ఏదైనా చెయ్యగలం.

ఈ భయానికి కారణం ఉంది, అది ఊహ కాదు

ముందు ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే బెరుకున్న రైడర్లు సిగ్గుపడుతూ బతుకుతుంటారు. మామూలు స్వారీ గుర్రం బరువు 400 నుంచి 600 కిలోల దాకా ఉంటుంది. దాని మీద కూర్చుంటే మన తల నేల నుంచి దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాంటర్ అంటే గంటకి 16 నుంచి 24 కిలోమీటర్ల వేగం. సీట్ బెల్ట్ లేదు, బ్రేక్ అనేది ఉంది గానీ ఆ బ్రేక్‌కి సొంతంగా ఒక మెదడుంది. ఇవన్నీ తెలిసి కూడా అస్సలు భయం వెయ్యకపోతే నిజానికి అదే కొంచెం ఆలోచించాల్సిన విషయం.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు. కళ్ళు తలకి రెండు పక్కలా ఉండటం వల్ల తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది, సరిగ్గా ముక్కు ముందు కొంచెం, తోక వెనక కొంచెం మాత్రమే దానికి కనపడవు. ఏదైనా కదిలితే అదేంటో తెలుసుకుని పరిగెత్తడం కాదు దాని పద్ధతి, ముందు పరిగెత్తి తర్వాత ఆగి వెనక్కి తిరిగి చూడటం. లక్షల ఏళ్ళుగా దాన్ని బతికించింది ఆ బెదురే. ఇందులో గుర్రం తప్పేమీ లేదు, అది మనల్ని పడేద్దామని ప్లాన్ వేసుకుని రాదు.

అంటే జీను మీద ఉన్నప్పుడు బెదిరే స్వభావం ఉన్న ప్రాణులు ఒకటి కాదు రెండు, ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

మన భయం గుర్రానికి నిజంగా చేరుతుందా: పరిశోధనలు చెప్పేవి ఒకదానితో ఒకటి కలవవు

ఎక్కువమంది ఉదాహరణగా చెప్పే స్టడీ 2009లో స్వీడన్ నుంచి వచ్చింది, లిండా కీలింగ్ అనే ఆవిడ బృందం చేసింది. కొందరు గుర్రాన్ని నడిపించుకుంటూ, కొందరు ఎక్కి, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నాలుగుసార్లు వెళ్ళాలి. నాలుగోసారికి ముందు "ఈసారి మీరు పక్కనుంచి వెళ్తుంటే ఒక మనిషి గొడుగు ఠక్కున తెరుస్తాడు" అని చెప్పారు. నిజానికి గొడుగు తెరవనే లేదు. అయినా ఆ నాలుగోసారి మనుషుల గుండె వేగం పెరిగింది, ఏమీ తెలియని గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఇంకో చిన్న సంగతి, గుర్రం ఎక్కి ఉన్నవాళ్ళు గొడుగు మాట విన్నాక పగ్గాలు కాస్త బిగించి పట్టుకున్నారు. దీని దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇది చదివాక "చూశావా, తెలిసిపోతుంది" అని ఆగిపోతే సగమే చెప్పినట్టు. 2013లో వచ్చిన ఇంకో స్టడీలో అవే గుర్రాలు, అవే రైడర్లు, ఒకసారి జనం లేకుండా రిహార్సల్ చేశారు, ఇంకోసారి ప్రేక్షకుల ముందు చేశారు. జనం ముందు రైడర్ల గుండె వేగం బాగా పెరిగింది, గుర్రాల్లో మాత్రం రిహార్సల్‌కి, షోకి తేడా కనపడలేదు. వాళ్ళు బాగా అనుభవం ఉన్న రైడర్లు, టెన్షన్ లోపల ఉన్నా చేతులూ కాళ్ళూ తమ పని తాము చేసుకుపోయాయి. తర్వాత 2014లో కెనడాలో చిన్న స్థాయిలో చేసిన ఒక ప్రయత్నంలో గుండ్రటి ఆవరణలో గుర్రాన్ని స్వేచ్ఛగా వదిలి మధ్యలో బెరుకున్న మనిషిని నిలబెడితే గుర్రం గుండె వేగం పెరగలేదు, తగ్గింది కూడా. 2023లో ఫ్రాన్స్ వాళ్ళు తేల్చింది ఏంటంటే, భయపెట్టే వీడియో చూసినప్పుడు మనిషికి పట్టిన చెమట వాసననీ, సంతోషపెట్టే వీడియో చూసినప్పటి చెమట వాసననీ గుర్రాలు వేర్వేరుగా గుర్తుపట్టగలవు అని. ఈ రెండూ వేరు వాసనలు అని తెలియడం వేరు, ఆ వాసన తగలగానే గుర్రం కూడా భయపడిపోవడం వేరు, ఈ తేడాని రీల్స్ లో ఎవరూ చెప్పరు.

అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. గుర్రానికి మన గురించి చాలా తెలుస్తుంది, నిజమే. కానీ మన భయం దానికి ఎక్కువగా చేరేది మంత్రంలా గాలిలోంచి కాదు, మన కాళ్ళూ చేతులూ ఊపిరి ద్వారా. జీను లేని చోట ఈగ వాలితే సరిగ్గా ఆ చోట మాత్రమే చర్మం అదిరించి ఈగని తోలుకునే జంతువది, దాని మీద మనం పూర్తి బరువుతో కూర్చున్నాం, నోట్లోని కళ్ళేనికి పగ్గాలతో తగులుకుని ఉన్నాం, ఇంక దానికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ మాట విని నీరసపడక్కర్లేదు, నాకైతే ఇది వినగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే లోపల భయాన్ని స్విచ్ నొక్కి ఆపడం ఎవరి వల్లా కాదు గానీ మడమలు కిందకి దించడం, ఊపిరి వదలడం భయపడుతూ కూడా చెయ్యొచ్చు.

భయపడిన శరీరం గుర్రంతో ఏం మాట్లాడుతుందో దగ్గరగా చూస్తే

భయం వెయ్యగానే మనిషి శరీరం ముడుచుకుంటుంది, కడుపుని కాపాడుకోవాలని తనంతట తానే బంతిలా అవుతుంది. నేల మీద అది బాగానే పనికొస్తుంది. జీను మీద ఏమవుతుందంటే, మొదట ఊపిరి బిగుసుకుంటుంది, దాంతో నడుము గట్టిపడి గుర్రం కదలికతో పాటు కదలడం మానేస్తుంది. భుజాలు ముందుకి వాలతాయి, తొడలూ మోకాళ్ళూ జీనుని నొక్కేస్తాయి, అలా నొక్కేసరికి మడమలు పైకి లేచి పిక్కలు గుర్రం పొట్టకి తగులుతాయి. చేతులు పగ్గాలు లాగుతాయి. చూపు గుర్రం చెవుల మధ్య నేలకి అతుక్కుపోతుంది.

ఇప్పుడిదే గుర్రం వైపు నుంచి చూడండి. దానికి నేర్పిన భాషలో పొట్టకి పిక్క తగిలితే "ముందుకి నడువు". పగ్గం బిగిస్తే "ఆగు". బరువు ముందుకొస్తే "వేగం పెంచు". ఒత్తిడి పెట్టడం, చెప్పింది చెయ్యగానే ఒత్తిడి వదిలెయ్యడం, దాని చదువంతా ఇంతే. అలాంటిదానికి నువ్వు ఒకేసారి "పో, ఆగు, ఇంకా వేగంగా పో" అని చెప్పి ఏది చేసినా ఒత్తిడి వదలకపోతే అది చేసేదేముంది, తల ఎత్తుతుంది, వీపు గట్టిపరుచుకుంటుంది, చిన్న చిన్న అడుగులతో గబగబా నడవడం మొదలుపెడుతుంది. దాన్ని చూసి మనం "అదిగో, పారిపోబోతోంది" అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటాం. చక్రం తిరగడం మొదలైంది.

నాకు జరిగింది చెప్తాను. నేను నేర్చుకున్న చోట అరీనా చివర మూలలో కంచె మీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పి ఉండేది, గాలికి చప్పుడు చేస్తుండేది. ఒకరోజు ట్రాట్‌లో ఆ మూలకి వెళ్తుంటే గుర్రం ఒక్కసారిగా పక్కకి గెంతింది, నేను భుజం మీద పడ్డాను. ఎముకలు విరగలేదు గానీ వారాల తరబడి ఆ మూల నన్ను వదల్లేదు. తర్వాత ఒక తోటి రైడర్ ఫోన్లో వీడియో తీసి చూపించింది, అందులో చూస్తే మూల ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే నా పగ్గాలు పొట్టివైపోతున్నాయి, ఎడమ మడమ పైకి లేస్తోంది, గుర్రం తల అప్పుడు లేస్తోంది. పట్టా ఆరోజు కదలను కూడా లేదు. స్వీడన్ స్టడీలో గొడుగు తెరుచుకోకపోయినా పగ్గాలు బిగిసినట్టే ఇక్కడ నేను కూడా చేస్తున్నాను, గుర్రానికి "ముందు ఏదో ఉంది సుమా" అని మూల రాకముందే చెప్పేస్తున్నది నేనే.

తప్పించుకోవడం వల్ల భయం ఎందుకు పెరుగుతుంది

దీనికి 1940ల్లో మౌరర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఇచ్చిన వివరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. భయం రెండు దశల్లో పాతుకుపోతుంది అంటాడు. మొదటి దశలో ఒక వస్తువుకీ ఒక దెబ్బకీ ముడి పడుతుంది, నా విషయంలో ఆ మూలకీ పడిపోవడానికీ. రెండో దశ ఇంకా తెలియకుండా జరుగుతుంది, మూల రాగానే గుర్రాన్ని తిప్పేసి లోపలి దారిలో వెళ్ళిపోతాను, ఆ క్షణంలో "హమ్మయ్య" అనిపిస్తుంది, ఆ హమ్మయ్యే బహుమతి. తప్పించుకున్న ప్రతిసారీ మెదడుకి ఆ బహుమతి దొరుకుతుంది కాబట్టి మళ్ళీ తప్పించుకోమనే చెప్తుంది, ఆ మూలలో ఏమీ జరగదు అని తెలుసుకునే అవకాశం మాత్రం ఎప్పటికీ రాదు.

అలాగని భయం సున్నా కావాలా అంటే అదీ కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన ఒక లెక్క ఉంది, ఒత్తిడి మరీ తక్కువైనా నేర్చుకోవడం సరిగా సాగదు, మరీ ఎక్కువైనా సాగదు, పని కష్టమైన కొద్దీ తట్టుకోగలిగే ఒత్తిడి తగ్గుతుంది. ఎలుకల నుంచి మనుషులకి అచ్చంగా తెచ్చి అంటించడం సరికాదు అని వాదించేవాళ్ళున్నారు, అది న్యాయమైన అభ్యంతరమే. కానీ స్వారీలో చూస్తూనే ఉంటాం, కొంచెం గుండె కొట్టుకుంటున్నప్పుడు చెప్పింది చెవికి ఎక్కుతుంది, గుండె చెవుల్లో మోగుతున్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ కుడి అంటే మనం ఎడమకి తిప్పుతాం.

నమ్మకం దేనితో తయారవుతుంది

ఆల్బర్ట్ బాండురా 1977లో రాసినదాని ప్రకారం "నేను చెయ్యగలను" అన్న నమ్మకానికి నాలుగు ఊటలున్నాయి. స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్ళు చెయ్యడం చూడటం, నమ్మకమున్నవాళ్ళు చెప్పే మాట, ఒంట్లో కలిగే లక్షణాలని మనం అర్థం చేసుకునే తీరు. ఇందులో మొదటిదానికున్న బలం మిగతావాటికి లేదు. "నీకేం, బ్రహ్మాండంగా చేస్తావ్" అని పదిమంది చెప్పినా అది ఒక్క కుదుపుకి రాలిపోతుంది, అదే నువ్వు గుర్రాన్ని నీ చేత్తో ఒక్కసారి ఆపి చూసుకుంటే ఆ ఒక్కసారి రాలిపోదు.

రెండోదానిలో ఒక మెలిక ఉంది. ఒలింపిక్ రైడర్ల వీడియోలు చూస్తే ధైర్యం వస్తుంది అనుకుంటాం, చాలాసార్లు తిరగబడుతుంది, వాళ్ళకీ మనకీ పోలిక లేదు కాబట్టి మనసు "అది వాళ్ళకి" అని పక్కన పెట్టేస్తుంది. నీలాగే పడిన, నీ వయసు దగ్గరగా ఉన్న, నీలాగే చేతులు వణికిన మనిషి అదే అరీనాలో నెమ్మదిగా కాంటర్ చెయ్యడం చూస్తేనే అది నీకు సాక్ష్యం అవుతుంది.

ఒక ఉదాహరణ: కాంటర్ అంటే బిగుసుకుపోయే రైడర్

ఇది ఎవరో ఒకరి కథ కాదు, పద్ధతి ఎలా నడుస్తుందో చూపించడానికి కట్టిన ఉదాహరణ. ఒకావిడ రెండేళ్ళుగా స్వారీ చేస్తోంది, ట్రాట్ బాగానే చేస్తుంది, ఒకసారి కాంటర్‌లో పడింది, అప్పటినుంచి కాంటర్ మాట వింటేనే నోరు ఎండిపోతుంది. ఆవిడ భయాన్ని 10కి ఇన్ని అని కొలుద్దాం.

నిలబడి ఉన్న గుర్రం మీద కాంటర్‌లో కూర్చునే తీరులో కూర్చోవడం 1. ఇంకొకరు అదే గుర్రం మీద కాంటర్ చేస్తుంటే చూడటం 3. ఇన్‌స్ట్రక్టర్ లంజ్ తాడు (గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా తిప్పే పొడవాటి తాడు) పట్టుకుని ఉండగా, గుర్రం మెడకి కట్టిన తోలు పట్టీ పట్టుకుని మూడే మూడు అడుగులు కాంటర్ చేసి ట్రాట్‌కి దిగిపోవడం 5. అదే లంజ్ మీద అర చుట్టు 6. లంజ్ లేకుండా అరీనాలో పొడవు పక్కన సగం దూరం, గేటు వైపు కాకుండా 8. మొత్తం చుట్టు 9. తను పడిన ఆ చోట కాంటర్ 10.

దీన్నే మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం అంటారు, 1958లో జోసెఫ్ వోల్పే ఒక చికిత్సగా దీనికి రూపం ఇచ్చాడు. ఆయన లెక్క ప్రకారం ప్రతి మెట్టు మీదా భయం తగ్గేదాకా ఉండి అప్పుడు పైకి వెళ్ళాలి. తర్వాత వచ్చిన పరిశోధకులు, ముఖ్యంగా మిషెల్ క్రాస్కే వాళ్ళ బృందం, దీన్ని ఇంకోలా చూశారు. ఆ పూట భయం తగ్గిందా లేదా అన్నది అంత పెద్ద విషయం కాదు, నువ్వు అనుకున్నది జరగలేదు అని మెదడు గట్టిగా గమనించిందా అన్నది విషయం అంటారు.

ఈ తేడా కాగితం మీద చిన్నది, జీను మీద చాలా పెద్దది. పై ఉదాహరణలో ఆవిడ లంజ్ కాంటర్‌కి ముందు నోట్‌బుక్‌లో "కాంటర్ అడగ్గానే అది లగెత్తుతుంది, నేను ఆపలేను, ఇది జరుగుతుందని నా నమ్మకం 10కి 8" అని రాసింది అనుకోండి. గుర్రం మూడు అడుగులు వేసి, ఆవిడ ఊపిరి వదలగానే తనంతట తానే ట్రాట్‌కి పడిపోయింది. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది, వోల్పే లెక్కలో అది పూర్తికాని మెట్టు. క్రాస్కే లెక్కలో మాత్రం 8 అనుకున్నది జరగలేదు, అది పెద్ద లాభం, రాసి పెట్టుకోవాల్సిన లాభం. వచ్చే వారం అదే వాక్యం పక్కన ఆవిడ 6 అని రాస్తుంది.

మెడ పట్టీ దగ్గర కూడా ఒక వాదన ఉంది. ఇలాంటి ఆసరాలు ఉంటే "పట్టీ ఉంది కాబట్టే బతికాను" అనుకుని మనసు అసలు పాఠం నేర్చుకోదు అని కొందరు థెరపిస్టులు అంటారు. మొదట్లో ఆసరా ఉంటే అసలు మొదలుపెట్టే ధైర్యం వస్తుంది, తర్వాత మెల్లగా తీసెయ్యొచ్చు అని ఇంకొందరు. రెండిట్లోనూ పస ఉంది. కానీ స్వారీలో ఇంకో ప్రాణి ఉందన్నది నేను మర్చిపోలేను, పట్టీ లేకపోతే భయపడిన చెయ్యి పట్టుకునేది పగ్గాలనే, ఆ లాగుడంతా గుర్రం నోటి మీద పడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను పట్టీ వైపే.

హెల్మెట్ ఆసరా కాదు, అది లేకుండా ఎక్కకూడని వస్తువు, దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగానే కనపడినా మార్చేయ్యాలి, దానిమీద వాదన లేదు.

"పడ్డావా, వెంటనే ఎక్కు" అన్న మాటలో ఎంత నిజం

ఈ మాటకి వెనక ఉన్న ఆలోచన చెడ్డది కాదు. పడిపోయి అలాగే ఇంటికి వెళ్ళిపోతే మెదడులో మిగిలే ఆఖరి బొమ్మ పడిపోవడమే, తర్వాత వారమంతా ఊహలో అదే తిరుగుతుంది, తప్పించుకునే చక్రం అక్కడే మొదలవుతుంది. వెంటనే ఎక్కి రెండు చుట్లు నడిపించి దిగితే ఆ ఆఖరి బొమ్మ మారుతుంది. చాలామంది పాత రైడర్లు దీని మీదే నిలబడ్డారు.

కానీ పడిన నిమిషంలో ఒంట్లో అడ్రినలిన్ పొంగుతూ ఉంటుంది, నొప్పి తెలియదు, తలకి తగిలిన దెబ్బ లక్షణాలు కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. క్రీడల్లో తల దెబ్బల మీద అంతర్జాతీయ నిపుణులు కలిసి చెప్పే మాట సూటిగా ఉంది, కంకషన్ (దెబ్బకి మెదడు అదిరిపోవడం) అని అనుమానం వస్తే చాలు ఆరోజు మళ్ళీ ఆటలోకి దిగకూడదు. నడుస్తూ మాట్లాడుతూ ఉన్నాడు కదా అన్నది లెక్కలోకి రాదు. కాబట్టి తల నేలకి తగిలిందా, తగిలి ఉండొచ్చా అన్న ప్రశ్న ముందు, ధైర్యం సంగతి తర్వాత.

ఒంటికి ఏమీ కాలేదు, మనసు మాత్రం ససేమిరా అంటోంది అనుకోండి, అప్పుడు? బలవంతంగా ఎక్కించి ఏడుస్తున్న మనిషిని తిప్పితే ఆఖరి బొమ్మ మారదు, దాని పక్కన ఇంకో చెడ్డ బొమ్మ చేరుతుంది. ఎక్కడం ఒక్కటే దారి కాదు, గుర్రాన్ని కాసేపు నడిపించడం, ఒళ్ళు రుద్దడం, దాని పక్కన నిలబడి జీను విప్పడం కూడా ఆఖరి బొమ్మలే. నేను పట్టా దగ్గర పడినరోజు ఎక్కలేదు, గుర్రం మెడ మీద చెయ్యేసి అదే మూల దాకా నడిచి వెళ్ళి తిరిగొచ్చాను. ఎక్కి ఉంటే ఇంకా త్వరగా కోలుకునేదాన్నేమో, నాకు ఇప్పటికీ తేలలేదు.

ఊపిరి, పాట, మనలో మనం అనుకునే మాటలు

ఊపిరి మాట అందరూ చెప్తారు, ఎందుకో తక్కువమంది చెప్తారు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది, వేగస్ అనే నరం పని అది. వదలడం పీల్చడం కన్నా పొడవుగా ఉంటే నెమ్మదించే భాగం ఎక్కువవుతుంది. జీను మీద దీనికి రెండో లాభం కూడా ఉంది, పొడవుగా వదిలేటప్పుడు నడుము మెత్తబడుతుంది, బరువు కిందకి దిగుతుంది, గుర్రానికి అది ఆగే సంకేతానికి దగ్గరగా అనిపిస్తుంది. పాట పాడమని ఇన్‌స్ట్రక్టర్లు చెప్పేది కూడా ఇందుకే, ఊపిరి బిగబట్టి పాట పాడటం కుదరదు.

మాటల దగ్గరకి వస్తే, "పడిపోకూడదు, పడిపోకూడదు" అనుకోవడం గురించి ఒక ప్రయోగం చెప్పాలి. 1987లో డేనియల్ వెగ్నర్ కొంతమందికి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి అని చెప్పాడు, వాళ్ళకి అదే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. వద్దనుకున్నది వస్తుందో లేదో కాపలా కాయాలంటే మనసు దాన్ని తలుచుకోవాల్సిందే. "పడకూడదు" బదులు "మడమ కిందకి, చూపు ఆ చెట్టు మీద" అనుకుంటే మనసుకి చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది.

శాంతించాలా, ఉత్సాహపడాలా అన్నదాని మీద ఇంకో తగువు ఉంది. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ పాటలు పాడటం, ప్రసంగాలు ఇవ్వడం, లెక్కలు చెయ్యడం మీద చేసిన ప్రయోగాల్లో, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళ కన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్ళు బాగా చేశారు. కొట్టుకునే గుండెని ఆపడం కష్టం, దానికి పేరు మార్చడం తేలిక అన్నది ఆవిడ తర్కం. పోటీ గేటు దగ్గర నిలబడ్డ రైడర్‌కి ఇది బాగా పనిచేయొచ్చు అని నా నమ్మకం. కానీ పాటకి ఇంకో ప్రాణి పగ్గాలు లేవు కదా, బెదురు గుర్రం మీద ఉన్న మనిషికి ఉత్సాహం పనికొస్తుందా అంటే నేను ఊపిరి వైపే మొగ్గుతాను.

ముందే వేసుకునే "అలా అయితే ఇలా" ప్లాన్‌లు కూడా ఇక్కడివే, పీటర్ గోల్‌విట్జర్ 1999లో వీటి గురించి వివరంగా రాశాడు. "గుర్రం బెదిరితే ఏమైపోతానో" అన్న ఆందోళన తోకలేని ప్రశ్న, దానికి జవాబు ఉండదు. "గుర్రం వేగం పెంచితే, ఒక పగ్గం మెల్లగా పక్కకి జరిపి పెద్ద గుండ్రంగా తిప్పుతాను" అంటే ప్రశ్నకి తోక దొరికింది. కానీ ఆ ప్లాన్ నడకలో ముప్ఫై సార్లు చేసి ఉండాలి, తలలో మాత్రమే ఉన్న ప్లాన్ ఆ క్షణానికి అందదు.

కొన్నిసార్లు భయం చెప్పేదే కరెక్ట్

ఇంతదాకా మనిషి మనసు గురించే మాట్లాడాం, దాంట్లో ఒక ప్రమాదముంది. ప్రతి బెరుకూ మనలోని లోపమే అనుకుంటే గుర్రం చెప్పేది వినడం మానేస్తాం. స్యూ డైసన్ అనే వెటర్నరీ నిపుణురాలి బృందం 2018లో స్వారీ సమయంలో గుర్రంలో కనపడే 24 ప్రవర్తనల జాబితా పెట్టింది, చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, తోక ఆడిస్తూ ఉండటం, తల పదేపదే విదల్చడం, ముందుకి కదలనని మొరాయించడం లాంటివి. వాటిలో 8 లేదా ఇంకా ఎక్కువ కనపడితే ఎముకల్లోనో కండరాల్లోనో నొప్పి ఉండే అవకాశం బాగా ఎక్కువ అని వాళ్ళు చెప్పారు. అంటే "దీని మీద కూర్చుంటే నాకు ఎందుకో భయంగా ఉంది" అని ఒక రైడర్ అంటే, అది ఊహ కాకపోవచ్చు, వీపు నొప్పితో బాధపడుతున్న జంతువు వీపు మీద కూర్చున్న మనిషికి ఒళ్ళు చెప్తున్న మాట కావచ్చు.

నొప్పి లేకపోయినా జోడీ కుదరకపోవచ్చు. కుర్ర గుర్రం, చురుకు ఎక్కువ, రైడర్ ఇంకా నేర్చుకుంటున్న మనిషి, ఇద్దరూ మంచివాళ్ళే, కానీ ఇద్దరికీ వేరే జోడీ కావాలి. అలాంటప్పుడు నెమ్మదైన పెద్ద గుర్రానికి మారడాన్ని ఓటమిలా చూసేవాళ్ళున్నారు, నాకైతే అది చదువుకి తగ్గ పుస్తకం ఎంచుకోవడంలా అనిపిస్తుంది. అదే వరసలో, భయం చెప్పుకుంటే ఎగతాళి చేసే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర బాండురా చెప్పిన మూడో ఊట ఎండిపోయినట్టే.

తగ్గిన భయం మళ్ళీ ఎందుకు వస్తుంది

చాలామంది నిరాశ పడేది ఇక్కడ. ఆరు నెలలు కష్టపడి కాంటర్ సాధించారు, నెల రోజులు గ్యాప్ వచ్చింది, లేదా కొత్త అరీనాకి వెళ్ళారు, మొదటి రోజే నోరు ఎండిపోయింది, "అంతా మళ్ళీ మొదటికొచ్చింది" అంటారు. మొదటికి రాలేదు. పాత భయం జ్ఞాపకం చెరిగిపోదు, దాని పక్కన "ఏమీ కాలేదు" అన్న కొత్త జ్ఞాపకం చేరుతుంది, రెండిట్లో ఏది ముందు నోరు తెరుస్తుంది అన్నదే తేడా. కొత్త జ్ఞాపకం అది నేర్చుకున్న చోటుకి ఎక్కువగా అంటుకుని ఉంటుంది, చోటు మారితే దాని గొంతు తగ్గుతుంది, పాతది మాట్లాడుతుంది. అందుకే ఒకే గుర్రం మీద, ఒకే వైపు, ఒకే ఎండపూట చేసిన యాభై కాంటర్ల కన్నా వేర్వేరు పూటల్లో, వేర్వేరు మూలల్లో, రెండు మూడు గుర్రాల మీద చేసిన ఇరవై ఎక్కువ కాలం నిలబడతాయి. రెండోసారి కోలుకోవడం కూడా సాధారణంగా మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

ఆ పట్టా ఉన్న మూల నాకు ఇప్పటికీ ఉంది. పట్టా ఎప్పుడో తీసేశారు, కంచె మాత్రమే మిగిలింది, అయినా అటు తిరగగానే నా ఎడమ మడమ కొంచెం లేస్తుంది. ఇప్పుడు నాకది తెలుస్తుంది, ఒకప్పుడు తెలిసేది కాదు. మడమ దించి ఊపిరి వదులుతాను, గుర్రం ఒక చెవిని వెనక్కి, నా వైపు తిప్పుతుంది, వింటుంది, మళ్ళీ ముందుకి తిప్పుకుని అదే నడకలో మూల తిరుగుతుంది.